గుర్రపు డెక్కకు సన్మానం ఎప్పుడు?

హైదరాబాద్‌లో చెరువుల పరిరక్షణ జోరుగా సాగుతోంది. ఆదివారం పొద్దున ఏదో ఒక చెరువుకట్ట మీద ఒకే రంగు టీషర్టులు, ఫ్లెక్సీ, పైన గిర్రున తిరిగే డ్రోను, థర్మాకోల్ ప్లేట్లలో ఇడ్లీ వడ కనిపిస్తాయి. ఎంతోమందికి సర్టిఫికెట్లు ఇచ్చారు, సంతోషం. కానీ అసలు సేవకురాలిని మాత్రం అందరూ మర్చిపోయారు. నేను చెప్పేది చెరువు నీళ్ల మీద పరుచుకునే గుర్రపు డెక్క మొక్క గురించి.

నవ్వకండి. ఎక్కడి దక్షిణ అమెరికా, ఎక్కడి మన చెరువు! అంత దూరం నుంచి వచ్చి, మన బాత్‌రూముల నుంచి, వాషింగ్ మెషీన్ల నుంచి దిగే నత్రజని, ఫాస్ఫరస్‌ను కాదనకుండా తాగి, పరిస్థితి అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. మనం వారానికి రెండు గంటలు పనిచేస్తే అది రాత్రీ పగలూ చేస్తుంది, సెల్ఫీ కూడా అడగదు. కాకపోతే నీటిని పూర్తిగా కప్పేసి, వెలుతురు ఆపేసి, ఆక్సిజన్ తగ్గించి చేపల ప్రాణం తీస్తుంది, దోమలకు నీడనిస్తుంది. అంత పెద్ద సేవలో చిన్న చిన్న లోపాలు ఉండవా?

దాన్ని పీకే కార్యక్రమం కూడా ఒకసారి దగ్గర నుంచి చూడాలి. ఉబ్బిన కాడలు, ఊదారంగు పువ్వు, కింద నల్లటి బురద కారుతున్న వేళ్లు ఉన్న మొక్క ఒకటి చేతులు మారుతూ ఉంటుంది, అందరి ఫొటోలూ దానితోనే. మిగతాది నిజంగానే చెమటోడ్చి పీకుతారు, అందులో అనుమానం లేదు. పీకిన కుప్పను మాత్రం కట్ట వాలు మీదే వదిలేస్తారు, ఎందుకంటే లారీ పంపాల్సింది వేరే డిపార్ట్‌మెంట్. మొదటి వానకు ఆ కుప్ప మళ్లీ నీళ్లలోకి జారి డ్యూటీలో చేరిపోతుంది.

అక్కడికి నాలుగడుగుల దూరంలో, తుప్పలకింద, నురగలు కక్కే పైపు ఒకటుంటుంది. డ్రోనుకు అది ఎప్పుడూ దొరకదు. ఆ పైపు ఎక్కడ మొదలవుతుందో వెతుక్కుంటూ పోతే చాలాసార్లు టీషర్టులు స్పాన్సర్ చేసిన అపార్ట్‌మెంటే తగులుతుంది! బ్రోచర్లో దాని పేరు లేక్ వ్యూ. 25 ఎకరాలు దాటిన చెరువు చుట్టూ 30 మీటర్లు ఏమీ కట్టకుండా బఫర్ జోన్‌గా వదలాలని నిబంధన ఉంది కదా, దాన్ని వాళ్లు చాలా శ్రద్ధగా కొలిచి కార్ పార్కింగ్‌కు వాడుకున్నారు. 2020 అక్టోబరు వానలకు చెరువులు పొంగి చాలా కాలనీల్లో ఇళ్లలోకే వచ్చి కూర్చున్నాయి. అప్పుడు మాత్రం ఎవరికీ వ్యూ నచ్చలేదు.

పూర్వం ఊళ్లో చెరువు నీళ్లు చూసుకునే నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలో, అలుగు ఎప్పుడు పారుతుందో అతనికే తెలుసు. ఫ్లెక్సీ లేకుండా అతనెలా పనిచేశాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

కొందరు మొండివాళ్లు ఈ కాలంలోనూ ఉన్నారు లెండి. నెక్నాంపూర్ చెరువులో 2018లో వట్టివేరు, మెట్టతామర, జమ్ము లాంటి మొక్కలతో తేలే దీవి కట్టి, ఆ వేళ్లతోనే మురుగును వడగట్టించారు. ఇంకొందరు సీసాలో నీళ్లు పట్టి, రసాయనం చుక్కలు వేసి, ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములైనా ఉందా లేదా, చేపలు బతుకుతాయా లేదా అని నోట్‌బుక్కులో రాసుకుంటారు. నాలా వెంబడి నడిచి ఏ పైపు ఎవరిదో పట్టుకుని, ఆఫీసుల్లో అర్జీ మీద అర్జీ పెడతారు. ఇలాంటివాళ్లతో చాలా ఇబ్బంది. ఫొటో బాగా రాదు, పైగా పక్కింటివాళ్లతో గొడవ.

అందుకే నా ప్రతిపాదన స్వీకరించి, వచ్చే ఆదివారం గుర్రపు డెక్కకు శాలువా కప్పాలని కోరుతున్నాను. పైపు సంగతి సబ్‌కమిటీ చూసుకుంటుంది. మీటింగ్ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనే, తర్వాత భోజనాలు. చేతులు శుభ్రంగా కడుక్కోండి, ఆ నీళ్లు ఎటు పోతాయని మాత్రం సెక్రటరీగారిని అడక్కండి.