వీపు ఒకవైపు, దిండు ఒకవైపు

పోయిన చవితికి కాణిపాకం వెళ్లొచ్చిన రాత్రి మా ఆవిడ నడుముకి బామ్ రుద్దుకుంటూ, "ఈ బండి మీద ఇంకోసారి రానండీ" అంది. తిరుపతి నుంచి చంద్రగిరి, పూతలపట్టు మీదుగా పోనూ రానూ సుమారు 140 కిలోమీటర్లు. మాట పడ్డాక నిద్ర ఎక్కడిది? తెల్లారేసరికి పాత క్యాలెండరు వెనక బొమ్మ గీసేశాను: సీటు వెనక ఒంపు తిరిగిన ఇనుప పైపు, దానికో మెత్తటి దిండు.

కరకంబాడి రోడ్డులో వెల్డింగ్ కుర్రాడు చూసి, "రెండు గంటల పని నా" అన్నాడు. నాలుగు రోజులు పట్టింది. మొదటి పైపు వంచగానే మలుపు దగ్గర కూల్‌డ్రింక్ స్ట్రాలా నొక్కుకుపోయింది. రెండోదాంట్లో ఇసుక కూరి, రెండు కొసలా చెక్క బిరడాలు దిగ్గొట్టి, మంటతో ఎర్రగా కాల్చి నిదానంగా వంచాడు. లోపల ఇసుక ఉంటే పైపు నలగదు. ఆ ఒంపు ఎంత ముద్దొచ్చిందంటే, చల్లారకముందే ముట్టుకుని వేలు కాల్చుకున్నాను.

కొలతలు మాత్రం నావే. వెనక సీట్లో కాళ్లు చెరోపక్క వేసి కూర్చుంటే, కుర్రాడు నా వీపు మీద సుద్దముక్కతో గీత గీశాడు.

బిగించాక ఎక్కబోతే మోకాలు పైపుకి తగిలి ఠంగుమంది. ఇక వెనకనుంచి కాలు తిప్పే రోజులు పోయాయి. పంచె ఎగ్గట్టి గట్టు దాటే పెద్దాయనలా ముందునుంచే మోకాలు మడిచి ఎక్కాలి. పర్లేదు, సుఖపడేది నేను కాదుగా అనుకున్నా.

ఇంటి ముందు మా ఆవిడ కుచ్చిళ్లు సవరించుకుని, పదిహేనేళ్లుగా ఎక్కినట్టే రెండు కాళ్లూ ఎడమపక్కకి వేసి కూర్చుంది. అప్పుడు వెలిగింది నాకు. ఆమె వీపు కుడిపక్క ఎదురింటి వైపు ఉంది. దిండు ఆమె ఎడమ మోచేతిని పొడుస్తోంది.

"ఏందండీ ఇది? నేనేమన్నా మగోళ్ల మాదిరి కూర్చుంటానా?"

ఎప్పుడూ ఆమె కుడిచెయ్యి నా భుజం మీద, ఎడమచెయ్యి సీటు వెనక కమ్మీ మీద ఉంటాయి. ఆ కమ్మీ కాస్తా దిండు చాటుకి పోయింది. ఎడమచెయ్యి గాల్లో కాసేపు వెతుక్కుని నా బెల్టు దొరకబుచ్చుకుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో, వెనక కూర్చునేవాళ్లకి పట్టుకోడానికి పిడి ఉండాలనీ, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రానికి సగమైనా అడ్డు ఉండాలనీ రాశారు. ఎక్కడో ఢిల్లీలో కూర్చున్నవాళ్లకి తట్టింది, ఇంట్లో ఉన్న నాకు తట్టలేదు.

మళ్లీ షాపుకి పోతే కుర్రాడు గడ్డం గోక్కుని, "అక్క పక్కకి కూర్చుంటుందని చెప్పలేదే నా. పైపు కుడిపక్కకి మార్చేద్దామా?" అన్నాడు. వద్దని దణ్ణం పెట్టి వచ్చేశా. ప్రస్తుతం దానికి రైతుబజారు ములక్కాయలు కట్టుకుంటున్నా. వాటికి మాత్రం కొలత సరిగ్గా సరిపోయింది.

ఈ చవితికి కాణిపాకం బస్సులో పోయాం. కూర్చోబోతూ ఆవిడ సీటు వెనక భాగం తట్టి చూసి, "దీనికి కొలతలు ఎవరిచ్చారో గానీ!" అంది.