రాత్రి పని సరే, రాత్రి బస్సేదీ?

పొద్దున ఐదున్నర, ఆరున్నర మధ్య విశాఖలో కూర్మన్నపాలెం జంక్షన్‌లో నిలబడి చూడండి. తల దువ్వుకుని, క్యారియర్ పట్టుకుని పొద్దుటి ‘ఏ’ షిఫ్ట్‌కి పోయేవాళ్లు ఒకవైపు. రాత్రంతా చేసి ‘సి’ షిఫ్ట్ దిగి కళ్లు నలుపుకుంటూ టీ బడ్డీ దగ్గర ఆగేవాళ్లు మరోవైపు. ఈ రెండోవాళ్లు ఇంటికెళ్లి కిటికీకి దుప్పటి కట్టి పడుకునే వేళకే ఈఎస్‌ఐ డిస్పెన్సరీ, లేబర్ ఆఫీసు, బ్యాంకు తలుపులు తీస్తాయి. బీపీ చూపించుకోవాలంటే నిద్ర మానుకోవాలి. నిద్ర మానుకుంటే బీపీ పెరుగుతుంది.

రాత్రి పనికి చట్టం తలుపులు బాగానే తెరిచింది. 2025లో రాష్ట్ర శాసనసభ ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజు పనిని 9 గంటల నుంచి 10కి, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 75 గంటల నుంచి 144కి పెంచింది. ఆడవాళ్లు ఇష్టపడితే రాత్రి షిఫ్టుల్లో చేయవచ్చంది. అదే ఏడాది నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కేంద్ర లేబర్ కోడ్‌లదీ ఇదే మాట. ఆడవాళ్ల ఉపాధికి గేట్లు మూయాలని మేం అనం. కానీ ఆ ‘ఇష్టం’ సంగతి చూడాలి. ఉద్యోగంలో చేరే రోజు కాంట్రాక్టర్ ఇచ్చే కాగితాల కట్టలో సమ్మతి పత్రం కూడా ఒకటైతే, సంతకం పెట్టనని చెప్పి ఇంటికి తిరిగొచ్చే అమ్మాయి ఎవరు? కాదన్నవాళ్ల పని పోదని ఎవరైనా పూచీ ఇస్తేనే దాన్ని సమ్మతి అనాలి.

కంపెనీ వ్యాన్ ఎక్కే ఆడవాళ్లు కొంత నయం. అచ్యుతాపురం సెజ్ అనకాపల్లి జిల్లాలోకి పోయినా, అక్కడికి పనికెళ్లేవాళ్లలో గాజువాక జనం తక్కువేం కాదు. వ్యాన్ మెయిన్ రోడ్డు మీద దించేస్తుంది. అక్కడి నుంచి ఇంటిదాకా చీకటి సందు ఆమెదే. ఆ వ్యాను కూడా లేనివాళ్లున్నారు. చీకటితోనే ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలానికి గంపలతో చేరుకునే ఆడవాళ్లున్నారు. ప్లాస్టిక్ కుర్చీ, దోమల చక్రంతో పన్నెండు గంటలు కాపలా కాసి, రిలీవర్ రాకపోతే డబుల్ డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డులున్నారు. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి ఇవ్వాలన్న నిబంధన వీళ్ల దాకా వచ్చేదెప్పుడు? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లు ఆర్టీసీ మామూలు బస్సుల్లో టికెట్ డబ్బులు కట్టక్కర్లేదు, సంతోషం. కానీ రాత్రి పది దాటాక ఎక్కడానికి సిటీ బస్సు దొరకడమే గగనం.

రాత్రి పని ఒంటికి చేసే హాని ఊహ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2007లోనూ, మళ్లీ 2019లోనూ క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న వాటి జాబితాలో పెట్టింది. రాత్రి పనివాళ్లు అడిగితే పైసా తీసుకోకుండా ఆరోగ్య పరీక్ష చేయాలని, ఒళ్లు సహకరించకపోతే వీలైనచోట పగటి పనికి మార్చాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లోనే ఒప్పందం రాసింది. మన దేశం ఇంకా దాన్ని ఆమోదించలేదు.

ఇక ప్రమాదాల సంగతి. 2020 మే 7న తెల్లవారుజామున మూడు గంటల వేళ విశాఖలోని ఆర్‌ఆర్‌ వెంకటాపురం మీద ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ గ్యాస్ కమ్ముకున్నప్పుడు ఊరు ఊరంతా నిద్రలో ఉంది. పన్నెండు మంది పోయారు. తనిఖీ అధికారులు పగలే వస్తారు, సేఫ్టీ డ్రిల్లులూ పగలే. పెద్ద డాక్టరు, పెద్ద ఇంజినీరు కూడా పగటి మనుషులే. రాత్రి రెండింటికి గేటు తట్టే ఇన్‌స్పెక్టర్ నెలకోసారైనా రావాలి.

50 మంది, ఆపైన ఉద్యోగులుంటే క్రెష్ (తల్లులు పనిలో ఉండగా పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని చట్టం చెబుతోంది. రాత్రి షిఫ్ట్ ఉన్నచోట అది రాత్రీ తెరిచి ఉండాలని రాష్ట్రం తన నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చితే సరిపోతుంది. ఈఎస్‌ఐ డిస్పెన్సరీ ఒక్కటైనా సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా నడవాలి, డ్యూటీకి పోతూ పోతూ చూపించుకుంటారు. వీటికి ఫైళ్లు కదలడానికి టైం పడుతుందంటారా, ఈలోగా ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గాజువాక మీదుగా కూర్మన్నపాలేనికి రాత్రంతా గంటకో బస్సు తిప్పండి. హార్బర్‌కి ఇంకొకటి, వేలం మొదలయ్యేలోపు చేరేలా.