డ్రాగన్ తోక మీద కార్వెట్, 911

బావది డెట్రాయిట్ దగ్గర ఊరు. బామ్మర్ది జర్మనీలో, పోర్షే సొంతూరు స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తాడు. పోయిన అక్టోబరులో బామ్మర్ది డెట్రాయిట్‌లో దిగి పోర్షే 911 అద్దెకు తీసుకున్నాడు. బావ తన సీ8 కార్వెట్ తీశాడు, అంటే అమెరికా షెవ్రొలే వాళ్ళ స్పోర్ట్స్ కారు ఎనిమిదో తరంది. రెండు కార్లూ ఐ-75 హైవే మీద దక్షిణానికి వచ్చి, టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దు కొండల్లో ఉన్న 'టెయిల్ ఆఫ్ ది డ్రాగన్' (డ్రాగన్ తోక) అనే రోడ్డు ఎక్కాయి. 11 మైళ్ళు, 318 మలుపులు. అక్కడ కార్లు మార్చుకుని కూడా నడిపారు. ఏ కారు మేలని ఆ రాత్రి బసలో జరిగిన వాదం ఇది. విన్న నేను బావ పక్షం, ముందే చెప్పేస్తున్నా.

బామ్మర్ది: ఇవాళ్టితో తేలిపోయింది బావా. మలుపులో పికప్ ఎదురొచ్చినప్పుడు మీ కార్వెట్‌లో నా గుండె గుభేలుమంది. పసుపు గీతకీ టైరుకీ మధ్య జానెడు చోటు లేదు. అదే మలుపులో 911 హాయిగా పట్టింది.

బావ: వెడల్పు మాట నిజం. నాది 1,934 మిల్లీమీటర్లు, నీది 1,852. ఆ 8 సెంటీమీటర్లకి నా దగ్గర జవాబు లేదురా. కానీ ఈ 11 మైళ్ళకి ముందు మనం 800 కిలోమీటర్ల పైచిలుకు వచ్చాం, దాన్ని ఎందుకు వదిలేస్తున్నావు? మిషిగన్‌లో చలికాలం కాంక్రీటు పగుళ్ళలోకి నీళ్ళు దిగి గడ్డకట్టి ఉబ్బుతాయి. కరిగాక అడుగున బోలు మిగులుతుంది, దాని మీద నాలుగు లారీలు పోయేసరికి గుంత. గుంత లేనిచోట పలకకీ పలకకీ మధ్య అతుకు, టప్ టప్ మంటూ నడుముకి తగులుతూనే ఉంటుంది. టొలీడో చేరకముందే నీ కాఫీ ఒళ్ళో ఒలికింది. సిన్సినాటిలో దిగి నడుం పట్టుకుని నిలబడ్డావు. నా కప్పు కప్పులాగే ఉంది. ఎందుకో తెలుసా? నా డ్యాంపర్ల (కుదుపుల్ని మింగే షాక్ అబ్జార్బర్ల) నూనెలో ఇనుప రజను ఉంటుంది. చుట్టూ ఉన్న తీగచుట్టలో కరెంటు పారగానే ఆ రజను గొలుసు కట్టి నూనెని బిగిస్తుంది, ఆగగానే వదులు చేస్తుంది. అంతా మిల్లీసెకన్లలో. 2002లో క్యాడిలాక్‌కి వచ్చింది, 2003లో కార్వెట్‌కి. తర్వాత ఫెరారీ వాళ్ళూ తీసుకున్నారు. రోజూ గుంతల్లో పడేవాడికే ఇలాంటి ఆలోచన పుడుతుంది.

బామ్మర్ది: అవి మీరు అదనంగా డబ్బు కట్టి పెట్టించుకున్నవి. మామూలు కార్వెట్‌లో ఉండవు. 911కి ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు కారుతోనే వస్తాయి.

బావ: ఆ అదనం కలిపినా నీ దాని ధర దరిదాపుల్లోకి రాదు. 2020లో ఇది 60 వేల డాలర్ల లోపే మొదలైంది.

బామ్మర్ది: మనం మాట్లాడేది రోడ్డు సంగతి, ధర సంగతి కాదు. మా జర్మనీ హైవే, ఆటోబాన్ మీదికి రండి. గంటకి 250 కిలోమీటర్లలో పోతుంటే 110లో వెళ్ళే వ్యాను ఒకటి ఎడమ వరుసలోకి వచ్చేస్తుంది. బ్రేకు మీద నిలబడాలి, మళ్ళీ 250 అందుకోవాలి, అంతలో మళ్ళీ బ్రేకు. 911లో ఇంజిన్ వెనక ఉంటుంది, బరువు వెనక చక్రాల మీద పడుతుంది. బ్రేకు నొక్కితే అది ముందుకు వాలి నాలుగు చక్రాలూ నేలని పట్టుకుంటాయి. మలుపు దాటి పెడల్ నొక్కితే ఆ బరువే వెనక టైర్లని నేలకి అదుముతుంది. 1963లో మేం అలా పెట్టాం. మీ వాళ్ళు 1953 నుంచి ఇంజిన్‌ని ముందే ఉంచి, 2020లో డ్రైవరు వెనక్కి తెచ్చారు. ఒప్పుకున్నట్టే కదా?

(ఇది గట్టి దెబ్బే. బావ కాసేపు మాట్లాడలేదు.)

బావ: మా కార్వెట్ ఇంజినీరు జోరా ఆర్కస్ డంటోవ్ 1960ల నుంచే మధ్యలో ఇంజిన్ ఉన్న కార్వెట్ కావాలని పోరాడాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదంతే.

బామ్మర్ది: ఆ డంటోవ్ పుట్టింది బ్రస్సెల్స్‌లో, చదివింది బెర్లిన్‌లో. 1954లో, 55లో ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు లె మాన్‌లో పోర్షే నడిపి తన తరగతిలో గెలిచినవాడు. కార్వెట్‌ని పెంచింది కూడా మా యూరప్ వాడే!

బావ: పుట్టుకలు లెక్కపెడతావా? 1966లో అదే లె మాన్‌లో మొదటి మూడు స్థానాలూ ఫోర్డ్ జీటీ40లవి. ఫెరారీ చూస్తూ నిలబడింది.

బామ్మర్ది: ఆ జీటీ40ని తయారుచేసింది ఇంగ్లండ్‌లో, స్లౌలో. గెలిచిన డ్రైవర్లు మెక్‌లారెన్, ఏమన్‌లది న్యూజిలాండ్. అందులో అమెరికా ఎంత?

బావ: ఏడు లీటర్ల ఇంజిన్ ఎక్కడిదిరా? సరే, 1967 చూడు. కారు అమెరికాలో కట్టింది, నడిపింది డాన్ గర్నీ, ఏ.జె. ఫోయిట్, ఇద్దరూ అమెరికా వాళ్ళు. ఇప్పుడు చెప్పు.

బామ్మర్ది: 68, 69ల్లో మళ్ళీ ఇంగ్లండ్ జట్టేగా గెలిచింది!

(ఈ గొడవ పావుగంట సాగింది. మధ్యలో ఇద్దరికీ టీ తెచ్చి పెట్టాను.)

బావ: లె మాన్ వదిలేయ్. నువ్వన్న ఆటోబాన్ మంచి రోడ్డు, అక్కడ నీ కారు రాజు, కాదనను. మంచి రోడ్డు మీద మంచిగా నడిచే కారుని చేయడం తెలివైన పనే. కానీ కారు కొన్నవాడు ఏ రోడ్డు మీద బతుకుతాడో దాని మీద కదా చూడాల్సింది? ఇక్కడ ఊరికీ ఊరికీ మధ్య ఐదారు గంటల దారి, తిన్నగా, పగుళ్ళతో. అందుకే నా ఇంజిన్ వత్తిడి లేనప్పుడు ఎనిమిది సిలిండర్లలో నాలుగిటిని ఆపేసుకుని నెమ్మదిగా తిరుగుతుంది. దాన్ని పుష్‌రాడ్, పాతకాలంది అంటారు. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైన కాకుండా ఇంజిన్ బ్లాకులోనే ఉండబట్టి 6.2 లీటర్ల వి8 అంత కురచగా, అంత కిందుగా కూర్చుంది. అన్ని గంటలు నడిపి దిగి, నేరుగా కొండెక్కాను. నువ్వు గంట పడుకుని లేచావు.

బామ్మర్ది: పడుకున్నాను, నిజమే. కానీ ఇటలీ ఆల్ప్స్‌లోని స్టెల్వియో కనుమకి రండి. 2,757 మీటర్ల ఎత్తు, ఒక్క ఉత్తరం వైపే 48 హెయిర్‌పిన్ మలుపులు. ఎదురుగా బస్సు వస్తే ఆ 8 సెంటీమీటర్లు ఎక్కడ దాస్తారు?

బావ: దాచలేను. అక్కడ నీ కారే తీద్దాం.

బామ్మర్ది: అయితే రేపు పొద్దున డ్రాగన్ ఇంకోసారి ఎక్కుదాం, 911 నాకే.

బావ: మరి తిరుగుదారిలో?

బామ్మర్ది: నాక్స్‌విల్ దాటి ఐ-75 పట్టాక కార్వెట్ తాళం నాకివ్వండి.