"నేను రాసింది నిజమే, నాకేం భయం?"

వారంలో ఏడోసారి వచ్చింది ఆ వాట్సాప్ మెసేజ్. మొదట కాలనీ గ్రూపులో, తర్వాత పదో తరగతి దోస్తుల గ్రూపులో, నిన్న పొద్దున మా మేనబావ నుంచి. "పరువు నష్టం కొత్త చట్టం, పది మందికి పంపండి" అని పైన పెట్టి, కింద అంకెలేసి ఐదు ముక్కలు, చివర ఒక కొసరు. హనుమకొండ అదాలత్ దగ్గర ఇరవై ఏళ్లుగా వకీలు ఫైళ్లు మోస్తున్న గుమస్తాను. ఇక ఊరుకోలేకపోయాను.

ఒకటి: ఎవరైనా పరువు తీస్తే 100కు ఫోన్ కొట్టండి, పోలీసులు ఆ రాత్రే ఎత్తుకుపోతారు. ఎత్తుకుపోరు. ఇది పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు, పైగా బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా దొరికేది. పరువు పోయినవాళ్లే మేజిస్ట్రేటు ముందు కంప్లైంటు వేసుకోవాలి. 2024 అక్టోబర్‌లో మన వరంగల్ మంత్రి అన్న మాటల మీద సినిమా హీరో నాగార్జున కూడా నాంపల్లి కోర్టుకే పోవాల్సి వచ్చింది.

రెండు, గ్రూప్ అడ్మిన్‌కు జైలు. ఎవరో పెట్టిన పోస్టుకు అడ్మిన్ అయిన పాపానికి బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లోనే చెప్పింది. వదిలేయండి.

మూడు, జైలు తీసేశారు, సమాజ సేవ చేస్తే చాలు. తీసెయ్యలేదు. పాత ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో రెండేళ్ల దాకా సాధారణ జైలు అట్లనే ఉంది. సమాజ సేవను దాని పక్కన చేర్చారు, అంతే.

నాలుగోదే నా కడుపు మండించింది: "రాసింది నిజమైతే కేసే ఉండదు, ధైర్యంగా రాయండి."

మొన్న ఒకతను మా ఆఫీసుకు వచ్చాడు, చేతిలో కోర్టు నోటీసు. చిట్టీ ఎత్తుకుని కిస్తీలు ఆపేసిన పక్కింటామె ఫొటో పెట్టి, కింద "ఈ దొంగను గుర్తుపట్టండి" అని రాశాడట. అంతటితో కసి తీరక, ఆమె బిడ్డకు ఒకసారి లగ్గం కుదిరి చెడిపోయిన సంగతి కూడా జోడించి మూడు గ్రూపుల్లో పెట్టాడు. "నేను రాసిన దాంట్ల ఒక్క అబద్ధం లేదన్నా, సూడు" అని ఫోన్ నా ముక్కుకు ఆనించాడు. పోస్టు కింద వరసగా నవ్వు బొమ్మలు.

నిజమొక్కటే అయితే నష్టపరిహారం అడిగే సివిల్ దావాలో కాపాడుతుంది. క్రిమినల్ కేసులో నిజంతో పాటు, అది జనం మేలు కోసం బయటపెట్టిందై ఉండాలి. అట్లని చూపించుకునే బరువు కూడా రాసినవాడి నెత్తినే. కిస్తీ ఎగ్గొట్టినంత మాత్రాన దొంగ అయిపోరు. పోనీ, నలుగురు మోసపోవద్దని చెప్పానంటూ చిట్టీ సంగతి వాదించుకోవచ్చు. "ఆ పొల్ల లగ్గం చెడిపోతే ఏ జనానికి ఏం మేలు తమ్మీ?" అంటే నేల చూపులు చూశాడు. ఆ పిల్ల విడిగా ఇంకో కేసు వేసినా వేయొచ్చు. పైసలు రావాల్సిన మనిషి ముద్దాయి అయి కూర్చున్నాడు. ఆ మెసేజ్ రాసిన మహానుభావుడు ఇతని వకీలు ఫీజు కడతాడా?

ఐదు, "ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్" అని పైన రాస్తే మీకు సంబంధం లేదట. దుకాణం గుమ్మానికి కట్టే నిమ్మకాయ, మిరపకాయలకున్నంత మహిమ దానికీ ఉంది. మొదట రాసినవాడినే కాదు, ఇంకొకరికి చేరేసినవాడిని కూడా చట్టం అడుగుతుంది.

ఇక కొసరు: "ఈ చట్టం పెద్దోళ్లకు చుట్టం." దీన్ని కూడా ఉతికి ఆరేద్దామనే కూచున్నా, చేయి రాలేదు. పరువు కూడా జీవించే హక్కులో భాగమేనంటూ 2016లో రాజకీయ నాయకుడు సుబ్రమణ్యస్వామి వేసిన కేసులో సుప్రీంకోర్టు ఈ నేరాన్ని నిలబెట్టిన మాట నిజమే. కానీ 1860లో మనకు దీన్ని అంటగట్టిన ఇంగ్లండు 2010లో తన దగ్గర ఎత్తేసుకుంది. ఇక్కడ శిక్ష దాకా పోయిన కేసులు నేను చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాయిదాలకు మాత్రం లెక్కలేదు. ఒక పెద్దమనిషి వేసిన కేసులో ముద్దాయిగా ఒక చిన్న విలేకరి ఏళ్లుగా బస్సు కిరాయి పెట్టుకుని వస్తున్నాడు. పొద్దున పదిన్నరకు వచ్చి, పిలుపు కోసం చెట్టు కింద కూచుని, సాయంత్రం కొత్త తారీఖు చేతి మీద రాసుకుని పోతాడు. ఆయన రాసింది నిజమా అబద్ధమా అనే దాకా కేసు ఇంకా రానేలేదు.