అదనపు కమాన్ పట్టీ గారికి ఒక లారీ డ్రైవరు విన్నపం

మహారాజశ్రీ అదనపు కమాన్ పట్టీ గారి దివ్యసముఖానికి,

తమరు మా ఆరు టైర్ల లారీ వెనక కమాన్ కట్టలో, అంటే ఇరుసు దగ్గర బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల దొంతరలో, కొలువుదీరిన దగ్గర్నుంచి మా ఓనరు గారి మొహం వెలిగిపోతోంది. అంతకు ముందు టెక్కలి క్వారీలో రాళ్లు ఎక్కించగానే బండి వెనక కుంగి, ముందు లేచేది. దారిన పోయే పిల్లలు కూడా లోడు ఎక్కువైందని చెప్పగలిగేవారు. ఇప్పుడా బెంగ లేదు. ఎంత పెట్టినా బండి పెళ్లికొడుకులా నిటారుగా నిలబడుతోంది. ఓనరు గారు పక్కనుంచి ఓ చూపు చూసి, "ఏటీ కుంగనేదు కదా, ఇంకో రాయి పట్టుద్ది" అంటున్నారు.

తమరి వల్ల మంచి జరగలేదని అనను. వెనక కుంగిన బండికి హెడ్‌లైట్లు రోడ్డు మీద కాకుండా ఎదురొచ్చే వాడి కళ్లలో పడతాయి. ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. తమరు వచ్చాక ఆ రెండూ సర్దుకున్నాయి. నరసన్నపేట వైపు రాత్రిపూట వెళ్తుంటే ఎదుటివాళ్లు లైట్లు కొట్టి తిట్టడం మానేశారు.

అయితే తమరు సరిచేసింది ఎత్తునే గానీ బరువును కాదు. ఈ ముక్క ఓనరు గారికి ఎక్కడం లేదు. ఉద్దానం కొబ్బరికాయలైతే లోడు గుట్టలా పైకి తేలి నలుగురికీ కనిపిస్తుంది. గ్రానైట్ అలా కాదు, మహా గుంభనం. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న రాయి దాదాపు 2.7 టన్నులు తూగుతుంది. అలాంటివి నాలుగు పెడితే బాడీలో ఇంకా బోలెడు చోటు మిగిలే ఉంటుంది, లోడు మాత్రం పరిమితి అంచుకు వచ్చేస్తుంది. ఖాళీ చోటు చూస్తే ఓనరు గారికి నిద్ర పట్టదు. ఐదో రాయి అలాగే ఎక్కుతుంది.

నాలుగు టైర్లున్న వెనక ఇరుసుకు 10.2 టన్నులుండే పరిమితిని కేంద్రం 2018లో 11.5 టన్నులు చేసింది. తమరు వచ్చారని ఇంకెవరూ పెంచలేదు. ఇరుసు అదే, బేరింగులు అవే, టైర్లు అవే, బ్రేకు డ్రమ్ములు అవే. కాటా మీదకి ఎక్కితే తమరి సొగసును ఎవరూ లెక్కచెయ్యరు. పైగా తమరి బరువు కూడా కలిపి చీటీ ఇస్తారు.

ఇక బ్రేకుల సంగతి. దీనికే నాకు అసలు టెన్షన్. ఛాసిస్‌కీ వెనక ఇరుసుకీ మధ్య ఒక కడ్డీ, దానికో వాల్వు ఉంటుంది. బండి ఎంత కుంగితే అంత లోడు ఉందని అది లెక్కేసుకుని వెనక చక్రాలకు బ్రేకు పంపుతుంది. పాపం దానికి కాటా తెలీదు, ఎత్తు ఒక్కటే తెలుసు. తమరేమో బండిని కుంగనివ్వరు. దాంతో అది లోడు తక్కువే అనుకుని బ్రేకు పిసినారిగా వదులుతుంది. రాయిపూర్ నుంచి లోడుతో సుంకి ఘాట్ దిగి సాలూరు చేరేలోపు ఆ పిసినారితనం ఎలా ఉంటుందో క్యాబిన్‌లో కూర్చున్నవాడికే తెలుసు. తమరిని బిగించినరోజే ఆ కడ్డీ మళ్లీ సెట్ చేయించమని మొత్తుకున్నాను. "అదేటవుద్ది బాబూ" అన్నాడు మేస్త్రీ. ఓనరు గారు తలూపారు.

మేస్త్రీ ఇంకో ఘనకార్యం కూడా చేశాడు. తక్కిన పట్టీల కంటే తమరిని కాస్త మందం చూసి వేశాడు. పట్టీ మందం రెట్టింపైతే బిగువు రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. "కాస్త" అంటే కాస్త కాదన్నమాట. లోడు దింపి ఖాళీగా తిరిగొస్తుంటే ఆ బిగువంతా నా నడుం మీదే. కోటబొమ్మాళి దగ్గర గతుకులో పడితే వెనక చక్రాలు నేల వదిలి గెంతుతాయి. క్లీనరు సీటు వదిలి గెంతుతాడు.

తమరి కులంలోనే హెల్పర్ గారని ఒకరున్నారు. కట్ట పైన కొంచెం ఎడంగా ఉంటారు. ఖాళీ బండిలో ఎవరి జోలికీ రారు, లోడు పడి బండి దిగినప్పుడే అందుకుంటారు. ఇదే పనికి అమెరికాలో పికప్ బళ్లకు వెనక గాలి తిత్తులు పెట్టి, లోడును బట్టి గాలి కొట్టుకుంటారు, లోడు దింపాక గాలి తగ్గిస్తారు. ఆ తిత్తులు అమ్మేవాళ్లే చెప్తారు, ఇవి పెట్టినంత మాత్రాన బండి మోసే పరిమితి పెరగదని. అమ్ముకునేవాడే అంత నిజాయితీగా చెప్తుంటే, తమరేమో నోరు మెదపరు.

అందుకే ఈ విన్నపం. ఓవర్‌లోడ్‌కి చట్టంలో 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకీ ఇంకో 2,000, ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు అదనం అని నేను చెప్తే ఓనరు గారు వినరు. ఆర్సీలో రాసిన అంకె తమరి వల్ల మారదని తమరే స్వయంగా ఒకసారి చెప్పండి. నా కంటే తమరి మీదే ఆయనకు నమ్మకం. చెప్పడం కుదరకపోతే ఐదో రాయి ఎక్కించేటప్పుడు, క్వారీలోనే, ఆయన చూస్తుండగా, కాస్త విరగండి. ఘాట్‌లో మాత్రం వద్దు.

ఇట్లు,
తమరి బిగువు నడుంతో ఎరిగిన
డ్రైవరు, టెక్కలి.

తా.క.: తమరి కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు వదులైనట్టున్నాయి. కొత్తగా వేసిన కట్టను కొన్నాళ్లు తిరిగాక మళ్లీ బిగించాలి. అదీ నేనే చూసుకుంటాన్లెండి.