చెట్లు నాటించెను

ప్రాథమిక పాఠశాలలో చరిత్ర ఎందుకు చెబుతారని కొందరు అమాయకులు ఇప్పటికీ అడుగుతుంటారు. టీకా ఎందుకు వేస్తారో చరిత్రా అందుకే చెబుతారు. చచ్చిన క్రిములను పసితనంలోనే కొద్ది మోతాదులో ఎక్కిస్తే ఆ జబ్బు మళ్లీ దరిచేరనట్లే, చచ్చిన తేదీలను ఏటా క్రమం తప్పకుండా ఎక్కించిన బిడ్డకు పెద్దయ్యాక గతం మీద కుతూహలం సోకే ప్రమాదం దాదాపుగా ఉండదు.

ఈ జబ్బుకు లక్షణం ఒక్కటే: ‘నీకెలా తెలుసు?’ అని అడగడం. ఏడెనిమిదేళ్ల వయసులో ఇది మహా ఉద్ధృతంగా ఉంటుంది. గ్రీకులు దీన్ని అరికట్టకపోగా నెత్తికెక్కించుకున్నారు. చరిత్రకు వారు వాడిన ‘హిస్టోరియా’ అనే మాటకు అసలు అర్థం విచారణ. మన పూర్వులు అంత తెలివితక్కువవారు కారు. ‘ఇతి హ ఆస’, అనగా ఇలా జరిగింది సుమా, అని మాటలోనే గడియ పెట్టేశారు.

చరిత్రకు నీతిబోధ అనే మరో ప్రయోజనమూ ఉంది. బాల వాషింగ్టన్ తండ్రిగారి చెర్రీ చెట్టు మీద గొడ్డలి వేసి, అబద్ధమాడలేక ఒప్పుకున్నాడన్న కథ లోకప్రసిద్ధం. వాషింగ్టన్ 1799లో పోయాడు. వీమ్స్ అనే మతబోధకుడు ఆయన జీవితచరిత్రలో ఈ కథను చేర్చింది 1806 నాటి ముద్రణలో. దానికి ఆధారం ఈనాటికీ దొరకలేదు. అబద్ధమాడరాదని పిల్లలకు చెప్పడానికి ఒక అబద్ధం కావలసివచ్చింది, అది రెండు వందల ఏళ్లుగా చెక్కుచెదరకుండా నిలిచింది. నిజాలకు అంత ఆయుష్షు ఎక్కడిది?

ఇక బోధనా పద్ధతికి వస్తే, ‘అశోకుడు రోడ్లకు ఇరువైపులా చెట్లు నాటించెను’ అన్న వాక్యాన్ని మించిన నమూనా లేదు. ఆ క్రియాపదాన్ని గమనించండి. ‘నాటించాడు’ అంటే ఏ గడుగ్గాయో ‘ఎందుకండీ?’ అనవచ్చు, ‘నాటించెను’ అన్నాక అడగడానికి నోరు పెగలదు. పైగా చెట్ల దగ్గర ఆగిపోవడంలో గొప్ప సౌలభ్యం ఉంది. కళింగలో లక్షమంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని తరలించుకుపోయారనీ, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నాననీ ఆ అశోకుడే తన 13వ శిలాశాసనంలో చెక్కించాడు. అయితే కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ శిలల మీద మాత్రం ఆ శాసనం కనిపించదు. దాని స్థానంలో, ప్రజలందరూ నా బిడ్డలేనన్న వేరే మాటలున్నాయి. అంటే చావులు చూసినవారికి తప్ప తక్కినవారందరికీ చెప్పాడన్నమాట. ఏ తరగతికి ఏది చెప్పకూడదో ఎరిగిన ఆ మహనీయుణ్ణి సిలబస్ కమిటీలకు ఆదిపురుషుడిగా ఎందుకు గుర్తించలేదో నాకు అర్థం కాదు.

ఇంత పకడ్బందీ ఏర్పాటులోనూ అక్కడక్కడా టీకా పనిచేయని పిల్లలు తగులుతుంటారు. అటువంటి పాప ఒకతె, కళింగ యుద్ధం పాఠం నడుస్తుండగా లేచి నిలబడి, ‘లక్షమంది అని ఎవరు లెక్కపెట్టారు టీచర్?’ అంది. గెలిచినవాడు చెప్పిన లెక్కను నమ్మాలా వద్దా అన్నది పండితులు జీవితాలు ధారపోసే ప్రశ్న. ‘పుస్తకంలో ఉంది కదమ్మా, కూర్చో,’ అని టీచర్ రెండు ముక్కల్లో తేల్చేసింది. అటువైపు ఇంకా సగం పాఠం, ఖాళీలు పూరించడం మిగిలే ఉన్నాయి మరి.

ఆ పాప ఊరుకోలేదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఏం తెలుసుకుందో గానీ, పరీక్షలో ‘అశోకుడు రోడ్లకు ఇరువైపులా ______ నాటించెను’ అన్నచోట ‘మర్రిచెట్లు’ అని రాసింది. మనుషులకూ పశువులకూ నీడనివ్వడానికి మర్రిచెట్లు నాటించానని ఏడవ స్తంభశాసనంలో అశోకుడు చెప్పిన మాట నిజమే. కానీ జవాబుల పట్టికలో ఉన్నది ‘చెట్లు’. టీచర్ ఎర్రసిరాతో ‘మర్రి’ని మాత్రం కొట్టేసి, అరమార్కు తగ్గించింది.