సాంకేతిక కారణం గారికి తిరుపతి నుంచి ఒక జాబు

మహారాజశ్రీ సాంకేతిక కారణం గారికి తిరుపతి నుంచి ఒక మీడియం వేవ్ శ్రోత నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నాటకంలోని వాళ్లు క్షేమమో కాదో తమరే చెప్పాలి.

నిన్న ఆదివారం మధ్యాహ్నం. బయట ముసురు, రేడియోలో నాటకం. వీలునామా మార్చింది ఎవరో తేలిపోయే ఘడియ. పెద్దాయన లేచి, "ఆ పని చేసింది ఎవరో కాదు..." అని గొంతెత్తాడు. అంతే, సుయ్యిమని హోరు. 22 నిమిషాల తర్వాత తమరు వేంచేశారు. "సాంకేతిక కారణాల వల్ల ప్రసారంలో కలిగిన అంతరాయానికి చింతిస్తున్నాం." ఆ వెంటనే వేరుశనగలో ఆకుమచ్చ తెగులు.

తమరి వినయానికి వంక పెట్టలేం. కాకపోతే ట్రాన్స్‌మిటర్ పోయినప్పుడు చెప్పడానికి తమరికి నోరుండదు. నోరొచ్చాక ఎందుకు పోయిందో చెప్పరు.

మేం మరీ అంత అమాయకులమేం కాదు సామీ. రేడియో మూగబోవడంలో రెండు రకాలున్నాయి. హోరు పెరిగితే క్యారియరే, అంటే మాటను మోసుకొచ్చే తరంగమే, పోయినట్టు. పట్టుకోవడానికి సిగ్నల్ దొరక్క సెట్టు తన బలమంతా పెంచుకొని, చుట్టుపక్కల గోలనంతా వినిపిస్తుంది. అలా కాకుండా బావిలోకి చెవి పెట్టినట్టు గమ్మున ఉంటే క్యారియర్ ఉన్నట్టే, స్టూడియో నుంచి మాట రావడం లేదు. అప్పుడు తప్పు మధ్యలోని లైనుది. నిన్న వచ్చింది హోరు. అంటే తప్పు టవర్ వైపే.

నాటకం సరిగ్గా కీలకమైన చోటే ఎందుకు తెగుతుందో కూడా తెలుసు. అది శకునం కాదు, లెక్క. 100 కిలోవాట్ల క్యారియర్ మీద మాట పూర్తిగా ఎక్కిన, అంటే నూటికి నూరు శాతం మాడ్యులేట్ అయిన, క్షణంలో శిఖర శక్తి 400 కిలోవాట్లు. యాంటెన్నాగా పనిచేసే టవర్ అడుగున వోల్టేజి రెట్టింపవుతుంది. టవర్ బరువంతా మోసే పింగాణీ ఇన్సులేటర్ పక్కన, పిడుగుల కోసం రెండు లోహపు గుండ్లు ఎదురెదురుగా పెట్టి ఉంటాయి. వాటి మధ్య సందే స్పార్క్ గ్యాప్. అది ఎక్కువైతే పిడుగు ఇన్సులేటర్‌నే పగలగొడుతుంది. తక్కువైతే పెద్దాయన అరుపుకే నిప్పురవ్వ లేస్తుంది. ఈశాన్య రుతుపవనాల తడి, సందులో ఒక సాలెగూడో పురుగో ఉంటే చెప్పనే అక్కర్లేదు. ఒకసారి రవ్వ లేచిందంటే ట్రాన్స్‌మిటర్ సొంత శక్తే దాన్ని ఎగదోస్తుంది. ట్రాన్స్‌మిటర్‌కీ యాంటెన్నాకీ పొత్తు (మ్యాచింగ్) చెడి శక్తి వెనక్కి తంతుంది. రక్షణ సర్క్యూట్ హైటెన్షన్‌ని, అంటే వేల వోల్టుల సరఫరాని, తెంచేస్తుంది. మామూలుగా రెప్పపాటులో మళ్లీ తనే అందుకోవాలి. వరసగా నాలుగైదుసార్లు ఇదే జరిగితే మాత్రం తాళం పడుతుంది, మనిషి వచ్చి రీసెట్ చెయ్యాలి. మాట హద్దు దాటకుండా ఆపే లిమిటర్ సరిగ్గా బిగించి, గుండ్లు తుడిచి ఉంటే పెద్దాయన పేరు చెప్పేసేవాడు.

కరెంటు పోయిందా? అదైనా చెప్పవచ్చుగా! వాల్వు ట్రాన్స్‌మిటర్ ఫ్యాను కాదు, స్విచ్చి వెయ్యగానే తిరగడానికి. ముందు వాల్వును చల్లబరిచే బ్లోయర్, నీళ్ల పంపు. నీళ్లు పారుతున్నాయని ఫ్లో స్విచ్ ఒప్పుకోవాలి, అవీ డిస్టిల్డ్ నీళ్లే కావాలి. ఉప్పు చేరితే వేల వోల్టుల ఆనోడ్ నుంచి కరెంటు నీళ్లగుండా కారిపోతుంది. తర్వాత ఫిలమెంటు. చల్లారిన ఫిలమెంటు నిరోధం వేడిమీద ఉన్నదాంట్లో పదోవంతే, అందుకని ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే పుటుక్కున తెగుతుంది. మెల్లగా పెంచాలి. ఆపైన వాల్వును అదుపులో ఉంచే బయాస్ వోల్టేజి, దాని తర్వాతే హైటెన్షన్. అదీ తక్కువ పవర్‌లో మొదలుపెట్టాలి. ఇదంతా కలిపినా 22 నిమిషాలు కావు. అంటే హైటెన్షన్ ఆపి, ఎర్తింగ్ రాడ్ తగిలించి, ఆ ముసురులో ఎవరో టవర్ దాకా నడిచి ఉంటారు.

ఇక్కడే కాలింది నాకు. తమరు, గిమరు ఇక లేదు. ఆదివారం పూట బురద తొక్కుకుంటూ పోయి గుండ్లు తుడిచినవాడి పనిని నువ్వు రెండు మాటల్లో పాతిపెట్టావు. సాలెగూడూ నువ్వే, పిడుగూ నువ్వే, లైను తెంపిన జేసీబీ కూడా నువ్వే. ఎప్పుడు చూసినా అదే నెపం. ఎందుకబ్బా ఇంత దాపరికం?

పూర్వం ఇట్లా లేదు. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1924లో, మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ 40 వాట్లతో ప్రసారం మొదలుపెట్టింది. సీలింగ్ ఫ్యాను తాగే కరెంటులో సగం! 1927లో మూతపడింది. కారణం? డబ్బుల్లేవు. దాచలేదు. ట్రాన్స్‌మిటర్‌ని మద్రాసు కార్పొరేషన్‌కి ఇచ్చేస్తే వాళ్లు 1930లో మళ్లీ మొదలుపెట్టారు. బొంబాయి, కలకత్తాల్లో స్టేషన్లు పెట్టిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అదే ఏడాది దివాలా తీసింది. అదీ అందరికీ తెలిసిన సంగతే. 1938లో ఆలిండియా రేడియో మద్రాసుకొచ్చింది, 1948లో విజయవాడకి, 1963లో కడపకి. కిలోవాట్లు పెరిగేకొద్దీ కారణాలు చిక్కిపోయి చివరికి నువ్వు మిగిలావు. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు పుస్తకం మీద ముద్ర వేయించుకున్న రోజుల్లోనైనా జవాబు అడిగే హక్కుండేదేమో, అదీ 1985లో ఎత్తేశారు.

మా ఊరికి దగ్గర్లోనే, గాదంకి వాతావరణ పరిశోధన కేంద్రంలో, 1024 యాగీ యాంటెన్నాలు పరిచి 53 మెగాహెర్ట్జ్ మీద పైగాలుల కదలిక చూస్తారు. ఆకాశం మనసులో మాట దొరుకుతోంది కానీ నీ మనసులోది దొరకదు.

రాగి దొంగల గురించి వేరే జాబు రాస్తాను. 1000 కిలోహెర్ట్జ్ దగ్గర పావు తరంగం 75 మీటర్లు. టవర్‌కి ఎర్తుగా అంత పొడవున్న తీగలు 120 చుట్టూ భూమిలో పాతితే 9 కిలోమీటర్ల రాగి. అది పాతసామాన్ల కొట్టుకు చేరితే ప్రసారం వానపాములకు వెచ్చదనంగా మిగులుతుంది. చవక ఎల్‌ఈడీ బల్బుల గోల కూడా అందులోనే రాస్తాను. ఎఫ్‌ఎం వినమని సలహా ఇచ్చేవాళ్లు శేషాచలం కొండల వెనక్కి సెట్టు తీసుకెళ్లి విని చెప్పాలి.

అయినా వదల్లేం. ఈ సాయంత్రం కూడా సెట్టును అటూ ఇటూ తిప్పి, లోపల సిగ్నల్ పట్టే ఫెర్రైట్ కడ్డీ టవర్‌కి అడ్డంగా వచ్చేలా పెట్టుకొనే కూర్చుంటాం.

కాబట్టి కోరిన పాటల పద్ధతిలోనే ఒక కోరిక. కోరుతున్నవారు: పాకాల, పుత్తూరు, పీలేరు, చంద్రగిరి, శ్రీకాళహస్తి నుంచి మిత్రబృందం. కోరుతున్నది పాట కాదు, ఒక్క వాక్యం: "స్పార్క్ గ్యాప్‌లో సాలెగూడు, ఇప్పుడే తుడిచి వచ్చాం."

ఇట్లు,
ఒక శ్రోత

తా.క. వీలునామా మార్చింది మేనల్లుడేనా?